ఎర్రటి నక్షత్రం చల్లనిదైతే, ఎర్రగా ఉండే ఆర్ద్ర (బెటెల్‌గూస్) అంత వెలుగెలా ఇస్తోంది?

ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది మా మేనమామ కొలిమి దగ్గర. ఆయన కమ్మరి. సంక్రాంతి సెలవులకి వెళ్తే తిత్తి ఊదడం నా పని.

ఒక ఏడాది చీకటి పడ్డాక ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాల్సి వచ్చింది. పెరట్లో పట్టా చుట్టూ పిడకలు పేర్చి నిప్పంటించారు. లోపల కొలిమిలో ఒక గునపం మొన కాలుతోంది. కరెంటు లేదు. నలుగురు పటకార్లతో పట్టాను పైకెత్తగానే ఆ ఎర్రటి వెలుగులో పెరటి గోడ, పక్కన కట్టేసిన ఎడ్ల కళ్లు కూడా కనిపించాయి. లోపలికెళ్తే గునపం మొన తెల్లగా, చూడలేనంతగా మెరుస్తోంది. కానీ గది మూలలు చీకటిగానే ఉన్నాయి. "ఏది ఎక్కువ కాలింది మామయ్యా?" అని అడిగాను. "మొనేరా. ఎర్రగా ఉందంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. తెల్లబడితేనే కాగినట్టు" అన్నాడు.

నక్షత్రాలదీ ఇదే లెక్క. రంగు చెప్పేది వేడి ఎంతో మాత్రమే. ఆ వేడి ఎంత మేర పరుచుకుందో రంగు చెప్పదు. ఆర్ద్ర ఉపరితలం దాదాపు 3,500 కెల్విన్లు, సూర్యుడిది 5,800. వేడి రెట్టింపైతే ఒక్కో చదరపు మీటరు వెదజల్లే శక్తి 16 రెట్లవుతుంది. అలా చూస్తే ఆర్ద్ర చదరపు మీటరుకి ఇచ్చేది సూర్యుడిలో ఏడో వంతుకన్నా తక్కువే. కానీ దాని వ్యాసం సూర్యుడికి 700 రెట్లనుకున్నా ఉపరితలం దాదాపు 5 లక్షల రెట్లు! గుణిస్తే 60 వేల రెట్లకు పైగా తేలుతుంది. అందులో ఎక్కువ భాగం కంటికి కనిపించని పరారుణ కాంతే. అయినా 500కు పైగా కాంతి సంవత్సరాల అవతలి నుంచి మనకు కనిపిస్తోంది. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా కాంతిగా కనిపించే చుక్క సిరియస్. దాని పక్కనున్న బుల్లి తోడు నక్షత్రం అచ్చం గునపం మొనలాంటిది. వేడి దాదాపు 25,000 కెల్విన్లు, సైజు భూమంత. మామూలు కంటికి అసలు కనపడదు.

ఎనిమిదో తరగతిలో నీలం నక్షత్రం ఎర్రదానికన్నా వేడి అని రాస్తే నాకు మార్కు కోసేశారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. నన్నడిగితే తప్పు బాత్‌రూమ్ కుళాయిలదే. వేణ్ణీళ్లకి ఎరుపు, చన్నీళ్లకి నీలం అని పిల్లల బుర్రల్లో తిరగేసి ఎక్కించేశాయి. ప్రతి బడి పిల్లల్నీ ఒక్కసారి కొలిమికి తీసుకెళ్తే ఈ పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు.

మరి ఒకే రంగున్న రెండు చుక్కల్లో ఏది పెద్దదో ఎలా తెలుస్తుంది? ఇక్కడే మన హైదరాబాదులో చదువుకున్న ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు చెప్పాలి. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. సూర్యుడిలాంటి పసుపు, నారింజ, ఎర్ర నక్షత్రాల వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) కాల్షియం గీత ఎంత వెడల్పుంటే వాటి అసలు ప్రకాశం అంత ఎక్కువని 1957లో ఆయన, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్ కలిసి చూపించారు. రంగు ఒకటే అయితే అసలు ప్రకాశం ఎక్కువున్నదే పెద్దది. ప్రపంచమంతా దాన్ని విల్సన్-బప్పు ప్రభావం అంటుంది. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఈ ఆర్ద్ర పేరు మీదున్న ఆరుద్ర కార్తె తెలియని రైతు ఉండడు. ఆ కార్తెలో నేల మీద పాకే పురుగూ ఎర్రదే, చుక్కా ఎర్రదే. కానీ అప్పుడు సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి చుక్క కనపడదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో డాబా ఎక్కి తూర్పున గొల్లకావడి మూడు చుక్కల్ని పట్టుకోండి. ఎడమవైపు ఎర్రగా ఉన్నది ఆర్ద్ర. కుడివైపు నీలి తెలుపులో ఉన్నది రైగెల్. అది ఆర్ద్రకన్నా ఎంతో చిన్నది, దూరం కూడా ఎక్కువే, కానీ బాగా వేడి కాబట్టి మామూలుగా దానికన్నా కాంతిగా కనిపిస్తుంది. వీధి లైట్ల వల్ల రంగు సరిగా తెలియకపోతే బైనాక్యులర్స్‌లో ఫోకస్ కాస్త తప్పించి చూడండి. చుక్క బిళ్లలా పరుచుకుని రంగు స్పష్టంగా కనిపిస్తుంది.