చలికాలంలో పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు ఎక్కువవుతున్నాయి, ఇంట్లో ఏం చేయొచ్చు?

తిరుపతిలో చలేంటని నవ్వకండి. మే నెలలో మా ఊరు నిప్పుల కుంపటే, కాదనను. కానీ ధనుర్మాసంలో తెల్లారుజామున కొండ మీంచి గాలి దిగిందంటే, మా అమ్మ మంచం దిగేముందు కాసేపు కాళ్లు చూసుకుంటూ కూర్చుంటుంది. దానికితోడు ఇంటినిండా గ్రానైటు. కడప బండలు చాలయ్యా అంటే వినే మేస్త్రీ ఏడీ? చెప్పుల్లేకుండా అడుగేస్తే చలి ఎముకలోకి పోతుంది. ఇంట్లో తొడుక్కోవడానికి మెత్తటి చెప్పులు కొనివ్వండి, ముందు ఆ పని చేయండి.

చలికి మోకాలు కొత్తగా అరిగిపోదు. గుజ్జు ఎప్పుడో అరిగి ఉంటుంది. చలికి కండరాలు బిగుసుకుంటాయి, మనం దుప్పటి కప్పుకుని కదలకుండా కూర్చుంటాం, కీలు ఇంకా పట్టేస్తుంది. నన్నడిగితే సగం నొప్పి ఆ కూర్చోవడం వల్లే.

మా అమ్మకు కాలినడకన కొండెక్కే మొక్కు ఒకటి ఉండిపోయింది. అలిపిరి నుంచి 3550 మెట్లు. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని కూర్చుంది. అన్నిసార్లు వంగి లేస్తే మోకాలు ఏం కావాలి? బతిమాలి బతిమాలి, చివర్లో వచ్చే మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం పెట్టేలా ఒప్పించాం. గాలిగోపురం దాకా కూర్చుంటూ, లేస్తూ, మజ్జిగ తాగుతూ ఎక్కింది. మోకాళ్ల పర్వతాన్ని రామానుజాచార్యులు మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు కదా, అక్కడ కుర్రాళ్లు కొందరు గోవిందా అంటూ అట్లాగే ఎక్కుతున్నారు. అమ్మ వాళ్లను చూసి, "ఇప్పుడేం తెలీదులే నాయనా, అరవై దాటినాక తెలుస్తుంది" అనింది. దర్శనం బాగా జరిగింది. కాళ్లూ బాగానే ఉన్నాయి.

చెడగొట్టింది మా మామ. తిరుగు ప్రయాణానికి బస్సెక్కుదామంటే, "ఎక్కినోళ్లకు దిగేదెంతక్కా, పా" అని ఆమెను మెట్ల మీదే దింపుకొచ్చాడు. మర్నాటికి కుడి మోకాలు కొబ్బరికాయంత అయింది.

ఎముకల డాక్టరు చెప్పిన మొదటి మాట: ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది, దాన్ని ఆపాల్సింది తొడ కండరం. అది బలంగా లేకపోతే దెబ్బ కీలుకే. మందుల చీటీ కన్నా ముందు ఒక వ్యాయామం నేర్పించాడు. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండోది మోకాలు వంచకుండా అడుగు ఎత్తు లేపి, ఐదు లెక్కపెట్టి దించడం. ఒక్కో కాలికి పదిసార్లు, రెండు పూటలా. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, అందుకే ఎవరూ చేయరు. వాట్సాప్‌లో వచ్చే వెల్లుల్లి నూనె కషాయమైతే మాత్రం ఇంటిల్లిపాదీ కాచుకుంటారు! నూనె రాయండి, తప్పులేదు, తోమినంతసేపు హాయిగా ఉంటుంది. గుజ్జు మాత్రం పెరగదు.

పొద్దున్నే వేడినీళ్ల కాపడం ఒక పావుగంట పెడితే బిగువు సడలుతుంది. షుగరుతో కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లకు వేడి తెలీదు, బొబ్బలొస్తాయి, మీరే చేత్తో చూసి పెట్టండి. వాచి వెచ్చగా ఉన్న మోకాలికి కాపడం వద్దు, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. ఎర్రబడి జ్వరం కూడా వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఇక మందుల షాపులో అడగ్గానే ఇచ్చే నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపు, కిడ్నీలు పాడవుతాయి, బీపీ ఉంటే అదీ పెరుగుతుంది. పైపూత జెల్ నయం. బరువు ఎక్కువుంటే, ఒక్క కిలో తగ్గినా అడుగడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. మా అమ్మ ముందు ఈ మాటెత్తితే రెండో ముద్ద సంగటి నేనే తినాలి.

చేతికర్ర వాడేవాళ్లు నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. మా బంధువుల్లో అందరూ రెండో వైపే పట్టుకుంటారు.

ఇంట్లో ఎంత జాగ్రత్తపడినా కల్యాణమండపాలు మాత్రం మనల్ని వదలవు. మొన్న చిత్తూరులో ఒక పెళ్లికి పోతే, భోజనాలు పైఅంతస్తులో, లిఫ్టు పనిచేయదు, బాత్రూములో అన్నీ గొంతుక్కూర్చునేవే. లక్షలు పోసి పూలు కట్టించారు. ముసలివాళ్లంతా కింద కుర్చీల్లో కూర్చుని పైకి పోయినవాళ్ల కోసం ఎదురుచూశారు. పెళ్లి చేయబోయేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మండపానికి అడ్వాన్సు ఇచ్చేముందు ఆ మెట్లు మీ అమ్మతో ఒకసారి ఎక్కించి, దింపి చూడండి.