రాస్ప్‌బెర్రీ పై పదేపదే ఆగిపోతుంటే ముందు అడాప్టర్‌ను అనుమానించండి
మీ రాస్ప్‌బెర్రీ పై 4 (ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్) రెండు మూడు గంటలకోసారి ఆగిపోతోందని, మెమరీ కార్డు మార్చినా ఫలితం లేదని రాశారు. పాత ఫోను ఛార్జర్‌తో నడుపుతున్నానన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఈ బోర్డుకు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. వోల్టేజీ 4.63 కంటే తగ్గితే తెర మూలన పసుపు మెరుపు గుర్తు కనిపిస్తుంది, బోర్డు మీది ఎర్ర దీపం కూడా ఆరి వెలుగుతుంది. బోర్డుకు తగిలించిన హార్డ్ డిస్కులోకి పెద్ద ఫైలు కాపీ చేస్తూ ఆ దీపాన్నే కాసేపు గమనించండి.

సన్నని, పొడవైన కేబుల్ కూడా వోల్టేజీని తినేస్తుంది, దాన్నీ మార్చండి. నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి దొరికేది 1.2 ఆంపియర్లే కాబట్టి డిస్కును విడిగా కరెంటు ఉన్న యూఎస్‌బీ హబ్‌కు (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పరికరానికి) తగిలిస్తే మేలు.

అన్నట్టు, ఇలా ఆగిన ప్రతిసారీ కార్డులోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. దయచేసి ఈ రోజే వాటిని వేరేచోట భద్రపరచుకోండి.