ఐస్‌లాండిక్ ముక్క రాకుండా గుడ్ ఫ్రైడే పద్య పఠనానికి వెళ్లొచ్చా?

మీ ప్రశ్న: ఈస్టర్ సెలవులకి ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ వస్తున్నారు, గుడ్ ఫ్రైడే నాడు హల్‌గ్రీమ్స్‌కిర్క్యా చర్చిలో గంటల తరబడి పాత పద్యాలు చదువుతారని విన్నారు, భాష రానివాళ్లకి అక్కడ ఏముంటుందని.

వెళ్లండి. కాకపోతే తిని వెళ్లండి. నేను మొదటిసారి గంటలో అయిపోతుందిలే అనుకుని ఖాళీ కడుపుతో వెళ్లా. మొత్తం 50 కీర్తనలు, దాదాపు ఐదు గంటలు! మధ్యలో బయటికొస్తే చాలా షాపులు మూసేసున్నాయి. ఇక్కడ ఆ రోజుని 'పొడుగు శుక్రవారం' అంటారు. ఆకలేస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో బాగా తెలుస్తుంది.

చదివేది 'పాసీయుసౌల్మర్', అంటే క్రీస్తు శ్రమల కీర్తనలు. 17వ శతాబ్దంలో హల్‌గ్రీముర్ ప్యేటుర్సోన్ అనే పాస్టర్ రాశాడు, 1666లో అచ్చయ్యాయి. చర్చికి పేరు కూడా ఆయనదే. ఆయన జీవితమే ఒక నవల. 1627లో సముద్రపు దొంగలు ఐస్‌లాండ్ మీద పడి కొన్ని వందలమందిని ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్‌కి పట్టుకుపోయారు. ఏళ్ల తర్వాత డబ్బు కట్టి విడిపించిన కొందరికి కోపెన్‌హాగన్‌లో మళ్లీ క్రైస్తవ మతబోధ చేసే పని ఈ కుర్రాడికి అప్పగించారు. వాళ్లలో ఒకావిడని, తనకన్నా చాలా పెద్దదాన్ని, ప్రేమించి పెళ్లాడాడు. చివరికి కుష్ఠుతో పోయాడు. ఈ కీర్తనల్ని లెంట్ (ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస కాలం) రోజుల్లో రోజుకొకటి చొప్పున రేడియోలో 1944 నుంచీ చదువుతూనే ఉన్నారు.

పఠనంలో రాగాలూ గానకచేరీ ఏం ఉండవు. ఒకరు లేచి మైకు ముందు నిలబడి చదువుతారు, దిగిపోతారు, ఇంకొకరు వస్తారు. అప్పుడప్పుడు ఆర్గన్ మోగుతుంది. నాకు మొదటి అరగంట నిద్రొచ్చింది, దాచడమెందుకు. తర్వాత పక్కన కూర్చున్న పెద్దావిడని చూశాను. ఒళ్లో అంచులు నలిగిన చిన్న నల్లట్ట పుస్తకం. దాన్ని చూడటమే లేదు. చదివేవాడి కంటే అర క్షణం ముందే ఆవిడ పెదాలు కదిలిపోతున్నాయి. మా ఊళ్లో పోతన పద్యం ఎత్తుకోగానే మా అమ్మమ్మ చేసేది సరిగ్గా ఇదే.

అక్కణ్ణుంచి అర్థం వదిలేసి శబ్దం వినడం మొదలుపెట్టా. అప్పుడు దొరికింది అసలు సంగతి: వీళ్లకీ యతి ఉంది! మొదటి కీర్తన ఇలా మొదలవుతుంది:

ఉప్, ఉప్, మీన్ సౌల్ ఓగ్ అల్ట్ మిట్ గ్యేద్,
ఉప్ మిట్ హ్యార్టా ఓగ్ రోముర్ మేద్.

'లే, లే, నా ఆత్మా, నా మనసంతా. నా హృదయమా, గొంతుతో సహా లే' అని. పై పాదంలో రెండుచోట్ల, కింది పాదం మొదట్లో ఒకచోట అక్షరాలు కలవాలి. ఇక్కడ 'ఉప్', 'అల్ట్', మళ్లీ 'ఉప్'. ఉ-కి అ-తో పొత్తేమిటని మనకి అనుమానం వస్తుంది. మన ఛందస్సులో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఉ, ఊ, ఒ, ఓ ఇంకో జట్టు కదా. వీళ్లకి అచ్చులన్నీ ఒకటే జట్టు. పైగా పాదాల చివర అంత్యప్రాస అదనం (గ్యేద్, మేద్).

ఇంటికొచ్చి చూసుకున్నాక ఈ నియమం తెలిసింది. చెవి మాత్రం అక్కడే పట్టేసింది. మీరు ముందే తెలుసుకుని వెళ్తున్నారు కాబట్టి మొదటి కీర్తన నుంచే వినొచ్చు.

ఐదు గంటలూ కూర్చోనక్కర్లేదు, జనం వస్తూ పోతూ ఉంటారు. లేవాలంటే కీర్తనకీ కీర్తనకీ మధ్య లేవండి. కుదిరితే చివరి అరగంటకి మళ్లీ రండి. 50వ కీర్తన ఆఖరి పద్యంలో 'వాల్డ్', 'విర్దింగ్', 'వేగ్‌సెమ్ద్' అని వకారాలు వరసగా పడి, తర్వాతి పాదం మళ్లీ 'విస్కా' అని వ-తోనే ఎత్తుకుంటుంది. అధికారం, గౌరవం, వైభవం, జ్ఞానం అని ఆ మాటల అర్థమట. ఆ రోజు నాకు అర్థమైంది మాత్రం దాని చివర వచ్చే ఆమెన్ ఒక్కటే. అది కూడా పక్కావిడ నాకంటే ముందే అనేసింది.