ఒకే ఊరు, వేర్వేరు నీళ్లు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గరి పల్లె. ప్రజారోగ్యంలో పీజీ ముగించి ఈ మధ్యే పీహెచ్‌డీలో చేరాను. ఒకే ఊరిలో కొన్ని ఇళ్లవారినే ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే జబ్బు) ఎక్కువగా పీడించడానికి సామాజిక కారణాలేమిటో పరిశోధించాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను తొలిసారిగా వెల్లడించిన వైద్యుల నివేదిక ఆ జిల్లా గురించే వచ్చింది. అందువల్ల ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉందో మరోసారి కొలిచి పట్టిక వేస్తే మీ శ్రమకు తగిన ఫలం దక్కదు. ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో, వారికి ఆ నీళ్లే ఎందుకు గతి అయ్యాయో అడగండి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, మరో ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఊరి సగటును ఈ అంకెలతో పోల్చినంత మాత్రాన, ప్లాంటు నీళ్ల క్యాను కొనుక్కునే కుటుంబానికీ, తాగడానికి క్యాను తెచ్చుకున్నా వంటకు బోరు నీళ్లే వాడే కుటుంబానికీ, ఎండలో కూలికి వెళ్లి చేను పక్క బోరు దగ్గరే దాహం తీర్చుకునే మనిషికీ ఉన్న తేడా కనిపించదు. (మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని నమ్మేవారు ఉన్నారు, నిజానికి నీరు ఇగిరేకొద్దీ అది చిక్కబడుతుంది.) కాబట్టి ఇంటి బిందెలోంచీ, పొలం బోరులోంచీ విడివిడిగా నమూనాలు తీయండి. కాల్షియం కొరవడిన ఒంటిపై ఫ్లోరైడ్ ప్రభావం మరింత తీవ్రంగా ఉంటుంది గనుక, ఇంట్లో పాలు, పెరుగు ఎవరి వంతుకు వస్తున్నాయో కూడా అడగాలి.

పళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్లలోపు తాగిన నీళ్ల వల్లే పంటి మచ్చలు ఏర్పడతాయి కాబట్టి, కోడలి పళ్లు పుట్టింటి నీళ్ల సంగతి చెబుతాయే గాని అత్తింటివి కావు. ఎముకల ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి పేరుకునేది. పుట్టిన ఊరు, పెళ్లయిన ఏడు, బేల్దారి పనికి వలసపోయిన కాలం రాసుకోని సర్వేను నేనైతే నమ్మను.

మనుషులపై చేసే పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేదాకా ఎవరి ఇంట్లోనూ సీసా నింపకండి. నింపాక, ఫలితాన్ని ఆ ఇంటివారికి తెలుగులో రాసివ్వండి. ఒక్కసారి చేసిన సర్వేతో సంబంధం తెలుస్తుంది గాని కారణం రుజువు కాదని సిద్ధాంత గ్రంథంలో దాపరికం లేకుండా ఒప్పుకోండి.

మీ గైడు పెద్ద సర్వే కోరినా, ముందు ఒక్క ఊరిలో ప్రశ్నావళిని పరీక్షించి చూడండి. “మీరు ఏ నీళ్లు తాగుతారు?” అంటే “ప్లాంటు నీళ్లే” అంటారు; “నిన్న చేలో ఏ నీళ్లు తాగారు?” అన్నప్పుడే మీకు కావలసిన వివరం దొరుకుతుంది.