కర్ణుణ్ణి ఒక మాట అంటే అభిమానులకు ఎందుకంత కోపం?

కథలోని పాత్రను విమర్శిస్తే అభిమానులు ఇంట్లో మనిషిని అన్నంతగా ఎందుకు మండిపడతారని, కర్ణుడి విషయంలో గ్రంథంలో ఉన్నది చూపించినా ఎందుకు ఒప్పుకోరని మీరు అడిగారు. నేను కందుకూరు దగ్గరి పల్లెలో పెరిగాను. తిరునాళ్లలో పద్యనాటకం ఆడినప్పుడల్లా మా ఊరు కర్ణుడి పక్షం, అర్జునుడి పక్షంగా చీలిపోయేది. అక్కడ గమనించినంతలో, గాఢంగా అభిమానించేవారిలో చాలామంది తమ బతుకులో తగిలిన దెబ్బనే ఆ పాత్రలో చూసుకుంటారు.

మా బాబాయి పొగాకు ఆరబెట్టే కొట్టాల (బ్యారన్ల) దగ్గర కూలికి వెళ్లేవాడు. చదువు లేకపోయినా, విని విని పద్యాలన్నీ నోటికి పట్టాడు. వయసులో ఉండగా ఎవరి పెళ్లిలోనో కులం అడిగి ఆయనను భోజనాల పంక్తిలోంచి లేపేశారు. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు కర్ణుణ్ణి నీ వంశమేదని నిలదీసే ఘట్టం రాగానే, వేషధారి తల వంచుకోవడం చూసి బాబాయి కండువా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. దుర్యోధనుడు అంగరాజ్యం ఇవ్వగానే గబగబా వేదికెక్కి, కూలి డబ్బుల్లోంచి పది రూపాయల నోటు తీసి వేషధారి అంగీకి గుండుసూదితో గుచ్చి వచ్చేవాడు. అలాంటి మనిషితో కర్ణుడు ఎన్ని యుద్ధాల్లో ఓడాడో లెక్క చెబితే ఆయనకు అది మళ్లీ పంక్తిలోంచి లేపినట్టే ఉంటుంది.

మా ఊళ్లో ఈ పట్టుదలను సినిమాలు మరింత పెంచాయి. 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణలో ఎన్టీ రామారావు కర్ణుడుగానూ, కురుక్షేత్రంలో కృష్ణ అర్జునుడుగానూ వచ్చారు. దాంతో హీరోల మీది అభిమానం పాత్రలకూ పాకింది.

అలాగని మీరు చూపించిన ఆధారాలు కాదనలేనివి. కౌరవులు విరాటరాజు ఆవులను పట్టుకోవడానికి వచ్చిన ఉత్తర గోగ్రహణంలో కర్ణుడు అర్జునుడికి ఓడిపోయాడు. ఆ విరాటపర్వాన్ని తెలుగు చేసింది నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కనే. ఇక నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయం పొందిన కవి. వనవాసంలోని పాండవుల ముందు డాబు చూపించడానికి కౌరవులు వెళ్లిన ఘోషయాత్రలో గంధర్వుల ధాటికి తట్టుకోలేక కర్ణుడు రణరంగం విడిచిపోవడాన్నీ, సహజ కవచకుండలాలను ఇంద్రుడికి దానం చేయడాన్నీ ఆ ఒక్క గంటమే రాసింది. ఈ రెంటిలో ఒకదాన్ని దాచిపెట్టి కర్ణుణ్ణి ప్రేమించడం ఎర్రనకు అవసరం కాలేదు, మనకెందుకు?

కాబట్టి వాదనకు దిగేముందు ఎదుటివారిది ఏ కర్ణుడో, నాటకంలోవాడో, సినిమాలోవాడో, భారతంలోవాడో అడిగి తెలుసుకోండి. చాలా గొడవలు ఇద్దరూ వేర్వేరు కర్ణుల గురించి మాట్లాడుకోవడం వల్లనే పుడతాయి. అయితే నిండు సభలో ద్రౌపది వలువలు ఒలిచెయ్యమన్నది కర్ణుడేనన్న సంగతిని మాత్రం ఎంతటి అభిమానమైనా కప్పిపుచ్చకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యాసభారతం ఉద్యోగపర్వంలో కర్ణుడే కృష్ణుడితో, దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవులను పరుషంగా అన్న మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానని చెప్పుకుంటాడు. ఆ భాగం బాబాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించి, "అనకుండా ఉండాల్సింది అబ్బయ్యా" అన్నాడు. అర్జునుడి పక్షంవాళ్లు ఏళ్ల తరబడి వాదించినా ఆయన నోటి నుంచి రాని మాట అది.