పోలీస్ స్టేషన్‌లో కొడితే ఎవరికి చెప్పుకోవాలి?

మిర్యాలగూడ నుంచి ఒకరి ప్రశ్న: విచారణకని పిలిచి తమ్ముణ్ణి కొట్టారు, ఏం చేయాలి?

ముందు సర్కారు దవాఖానకు వెళ్లి దెబ్బలు రాయించండి. అవి మానిపోయాక ఎవరూ నమ్మరు. తర్వాత నల్గొండ ఎస్పీకి ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి. స్టేషన్ సీసీ కెమెరాల ఫుటేజీ భద్రపరచాలని అందులోనే అడగండి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. శాఖాపరమైన విచారణ వేయొచ్చు. సస్పెండ్ చేస్తే సంబరపడొద్దు, అది శిక్ష కాదు.

మానవ హక్కుల కమిషన్‌కైతే ఏడాది లోపే వెళ్లాలి. నష్టపరిహారానికి సివిల్ దావా వేయొచ్చు, కాకపోతే ఏళ్లు పడుతుంది. హక్కుల ఉల్లంఘన స్పష్టంగా ఉంటే హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణకు నేరుగా వేసే పిటిషన్) వేసి పరిహారం అడగొచ్చు. 1993లో, పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహెరా కేసులో సుప్రీంకోర్టు ఆ దారి ఖాయం చేసింది.