రన్‌వే పక్కన ఆ వంపు గోడ దేనికి?

ప్రశ్న: విమానం కిటికీలోంచి చూస్తే ట్యాక్సీవే (విమానాలు రన్‌వేకి వెళ్లే దారి) పక్కన, రోడ్డుకి ఇవతల, రేకులతో కట్టిన వంపు గోడ కనిపించింది. చప్పుడు ఆపడానికా? అయితే మామూలు కాంక్రీటు గోడ చాలదా?

జవాబు: చప్పుడు కొంత తగ్గితే తగ్గవచ్చు కానీ, అది కట్టింది గాలి కోసం. ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, పనిచేసేటప్పుడు మేము దాన్ని బ్లాస్ట్ ఫెన్స్ అనేవాళ్లం. కాగితాల్లో జెట్ బ్లాస్ట్ డిఫ్లెక్టర్ అని ఉంటుంది.

బోయింగ్ 777-300ఈఆర్ తీసుకోండి. టేకాఫ్‌లో దాని ఒక్క ఇంజన్ తోపు (థ్రస్ట్) దాదాపు 52 టన్నులు. విమానం ముందుకు ఎంత బలంగా వెళ్తుందో, గాలి వెనక్కి అంత బలంగా వస్తుంది. నిటారు గోడకి కొడితే ఆ గాలి నాలుగు పక్కలా చెదురుతుంది. కొంత దుమ్మునీ వేడినీ వెంటబెట్టుకుని విమానం వైపే తిరిగి వస్తుంది. ఇంజన్ దాన్ని మింగితే ఇంకో తలనొప్పి. వంపు గోడ అయితే కింది అంచు విమానం వైపు చాచుకుని ఉండి, పోనుపోను నిటారుగా లేస్తుంది. గాలి దాని మీదుగా జారి ఆకాశం వైపు తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు గోడని వెనక్కి తోస్తుంది, కిందికి కూడా నొక్కుతుంది. ఆ వెనక కనిపించే ఇనుప ఆనికలు, కింద కాంక్రీటు పునాది అందుకే.

విమానాశ్రయాలు డిజైన్ చేసేవాళ్లు సాధారణంగా గంటకు 56 కిలోమీటర్లు దాటిన గాలిని మనుషులకీ సామానుకీ ప్రమాదంగా లెక్కిస్తారు. ఆ వేగంలో చదరపు మీటరు మీద పడే బరువు సుమారు 15 కిలోలు. 160 కిలోమీటర్లయితే 120 పైనే! వేగం మూడు రెట్లు కూడా కాలేదు, తోపు ఎనిమిది రెట్లయింది. ఇంజన్ నుంచి దూరం పోయేకొద్దీ వేడి త్వరగానే తగ్గుతుంది, వేగం అంత త్వరగా తగ్గదు. ఒంటికి వేడి తగలలేదని ధైర్యపడేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

ఇంకో సంగతి. టేకాఫ్ అంటే అందరూ జాగ్రత్తపడతారు. ఆగి ఉన్న బరువైన విమానం కదలడానికి పైలట్ కాసేపు పవర్ పెంచుతాడు చూడండి, మాకు అసలు భయం అప్పుడే. పార్కింగ్ దగ్గర వెనకాల ఖాళీ కంటైనర్లు, ట్రాలీలు, మనుషులు ఉంటారు. అందుకే విమానం మీద ఎర్ర బీకన్ (మిణుకుమనే హెచ్చరిక దీపం) వెలిగిందంటే వెనక నుంచి ఎవరూ నడవకూడదు.

ప్రశ్న: ఆ గోడలు ఎంత ఎత్తుంటాయి?

జవాబు: 1960లలో ఆరు నుంచి ఎనిమిది అడుగులు సరిపోయేవి. తర్వాత ఇంజన్లు పెరిగాయి, గోడలూ పెరిగాయి. డీసీ-10, ఎండీ-11 లాంటి విమానాలకి మూడో ఇంజన్ తోక దగ్గర, బాగా పైన ఉంటుంది. వాటి కోసం 35 అడుగుల దాకా కట్టారు.

ప్రశ్న: కరీబియన్‌లోని సెయింట్ మార్టెన్ దీవిలో, రన్‌వే చివరనే ఉన్న మాహో బీచ్ దగ్గర జనం ఫెన్స్ పట్టుకుని గాలికి ఊగే వీడియోలు చూశాను. అక్కడా ఫెన్స్ ఉందిగా?

జవాబు: ఉంది, కానీ అది వల కంచె. గాలి దాంట్లోంచి నేరుగా వచ్చేస్తుంది. అక్కడ ఎత్తయిన గోడ కడదామంటే, బీచ్ మీదుగా అంత కిందికి దిగే విమానాలకి అదే అడ్డం అవుతుంది. హెచ్చరిక బోర్డులు పెట్టారు. అయినా 2017 జులైలో న్యూజిలాండ్‌కి చెందిన 57 ఏళ్ల మహిళ ఆ గాలికి పడిపోయి, దెబ్బలు తగిలి చనిపోయారు. తల మీదుగా దిగే విమానాన్ని చూసి జనం కేకలు పెడతారు గానీ, ప్రాణం తీసేది టేకాఫ్‌కి తోక ఇటు తిప్పి నిలబడ్డ విమానం. అది రన్‌వే మీదికి తిరగడం చూశారా, కంచె వదిలేసి పక్కకి పోవాలి. వీడియో అక్కడి నుంచి కూడా వస్తుంది.